జాడ తెలిసినవాళ్ల మాట

ఒక మారుమూల ప్రాంతం. అక్కడ ఏనుగంత జంతువు ఒకటి తిరుగుతుంటుంది. చీకటి పడితే జనం తలుపులు బిగించుకుంటారు. చివరికి ఒక వీరుడు దాన్ని చంపుతాడు. ఈ కథతో వచ్చిన సినిమాలకు లెక్కలేదు. ‘అనకొండ’ పేరు వినని పిల్లలు మన బడుల్లో ఉండరు. మలయాళం నుంచి 2016లో ‘మన్యం పులి’గా తెలుగులోకి వచ్చిన సినిమానూ మనవాళ్లు బాగానే చూశారు. సినిమా చూసి భయపడటంలో తప్పేమీ లేదు. భయపడటానికేగా టికెట్టు కొనేది! నా ప్రశ్న వేరు. ఒక జంతువును రాక్షసి అని నిర్ణయించేది ఎవరు? దాని పక్కనే పుట్టి పెరిగి, దాని జాడ తెలిసినవాళ్లను ఆ నిర్ణయానికి ముందు ఎవరైనా అడుగుతారా?

ఈ ప్రశ్నకు బాగా పనికొచ్చే సినిమా ఒకటుంది. పేరు ‘రేజర్‌బ్యాక్’. 1984లో ఆస్ట్రేలియాలో రసెల్ మల్కాహీ తీశాడు. ఎడారిలాంటి ఊళ్లలో ఒక పెద్ద అడవిపంది మనుషుల మీద పడుతుంది. మొదట్లోనే ఒక తాత దగ్గరున్న పసివాణ్ని లాక్కుపోతుంది. పంది ఎత్తుకుపోయిందంటే ఎవరూ నమ్మరు. మనవణ్ని చంపాడని తాతనే కోర్టుకు లాగుతారు. సాక్ష్యం లేక కోర్టు వదిలేసినా ఊరు వదలదు. తర్వాత కంగారూల వధ గురించి వార్త రాయడానికి అమెరికా నుంచి ఒక విలేఖరి వస్తుంది. ఆమె కారును ఢీకొట్టి, ఆమె మీద అత్యాచారానికి తెగబడింది పంది కాదు, కంగారూలను చంపి మాంసం అమ్ముకునే ఇద్దరు అన్నదమ్ములు. పంది ఆ తర్వాత వస్తుంది. ఆ తాత నోరు విప్పుతాడేమోనని అతని కాళ్లు విరగ్గొట్టి పందికి వదిలేసిందీ వాళ్లే. అన్ని నేరాలకూ పంది ఉంది కదా అన్నదే వాళ్ల ధైర్యం.

తాత కథ చూసిన ఆస్ట్రేలియా ప్రేక్షకులకు అప్పటికే ఒక నిజమైన ఘటన తెలుసు. 1980 ఆగస్టు 17న ఉలూరు కొండ దగ్గర గుడారంలోంచి అజారియా అనే తొమ్మిది వారాల పసిపాప మాయమైంది. డింగో అనే అడవికుక్క ఎత్తుకుపోయిందని తల్లి చెప్పింది. ఆ నేలకు చెందిన ఆదివాసులు ఇసుకలో జాడలు చూసి డింగో నడిచిన దారిని గుర్తించారు. అడుగులు చదవడం వాళ్లకు అక్షరాలు చదవడం లాంటిది. అయినా ప్రయోగశాల నిపుణుల మాటకు దొరికిన విలువ వాళ్ల మాటకు దొరకలేదు. 1982లో తల్లికి యావజ్జీవ శిక్ష పడింది. 1986లో పాప చొక్కా దొరికాక ఆమెను వదిలారు, 1988లో శిక్ష కొట్టేశారు. డింగోయే కారణమని అధికారికంగా తేల్చేసరికి 2012 వచ్చింది. మొదటి రోజే ఇసుక మీద ఉన్న నిజాన్ని ఒప్పుకోవడానికి 32 ఏళ్లు పట్టింది.

ఇంకో సంగతి. ఆస్ట్రేలియాలో పంది అసలు ఆ నేల జంతువే కాదు. 1788లో తెల్లవాళ్ల మొదటి ఓడల్లో దిగింది. తప్పించుకుని అడవిపట్టి పెరిగింది. తెచ్చినవాళ్లు మరిచిపోయారు. వాళ్ల మనవలకు అది ఎడారిలో పుట్టిన భూతంలా కనిపించింది.

మన కృష్ణా డెల్టాకు వద్దాం. ఇక్కడ అంతటి పందులు లేవు. ఇక్కడి భయం పాము. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగాయి. అవనిగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో పొలానికి వెళ్లాలంటే కాళ్లు వణికాయి. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం కూడా తలపెట్టారు. ఎవరి నమ్మకం వారిది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ వానలకు చేలు నిండితే కలుగుల్లో నీళ్లు చేరతాయి, పాము గట్టెక్కుతుంది, ఇంటి చూరు వెతుక్కుంటుంది. వడ్లకు ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. ఈ లెక్క మా యానాదుల్లో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. కుండలో గడ్డి రాజేసి కలుగులోకి పొగ ఊది ఎలుకలు పట్టిన చేతులవి. ఏ కలుగులో ఎలుక ఉందో, ఏ కలుగులో చెయ్యి పెట్టకూడదో చూసి చెప్పగలరు. ఆ గట్ల మీదే పనిచేసి, ముందుగా కాటుకు దొరికేదీ వాళ్లే. కాబట్టి పాము ప్రమాదం కాదని నేననను. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక అంచనా. ప్రమాదం నిజం. అయితే ప్రమాదం వేరు, రాక్షసి వేరు. ప్రమాదమైతే తెలుసుకుని జాగ్రత్తపడతాం. రాక్షసి అనుకుంటే తెలుసుకోవడం మానేస్తాం.

తెలుసుకుంటే ఏమవుతుందో తమిళనాడు ఇరుళ ఆదివాసులు చూపించారు. చెన్నై దగ్గర వాళ్లు 1978లో పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పెట్టుకున్నారు. పామును పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. మన ఆసుపత్రుల్లో ఎక్కించే విరుగుడు మందుకు కావలసిన విషంలో ఎక్కువ భాగం వాళ్లు తీసిందే. 2017లో వాళ్లలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరిని అమెరికాలోని ఫ్లోరిడాకు పిలిపించారు. అక్కడి చిత్తడి అడవుల్లో పెద్ద పెద్ద కొండచిలువలు చేరి మిగతా జంతువులను మింగేస్తున్నాయి. అవీ బయటివే, సరదాగా పెంచుకోవడానికి తెచ్చుకుని వదిలేసినవి. యంత్రాలున్న దేశం వీళ్ల కళ్లను నమ్ముకుంది. వీళ్లు వెతికి పట్టిచ్చారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది.

జంతువు మీద పడిన రాక్షసి అనే ముద్ర అక్కడితో ఆగదు. పక్కనున్న మనుషుల మీదికి పాకుతుంది. 1871లో బ్రిటిష్‌వాళ్లు నేరస్త తెగల చట్టం తెచ్చారు. 1911 తర్వాత అది మన వైపూ వచ్చింది. ఒక్క మనిషి చేసిన నేరం కాదు, పుట్టుకే నేరమన్నారు. విజయవాడకు కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరంలో, బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకలను సెటిల్‌మెంట్లలో పెట్టారు. ఊరు దాటాలంటే అనుమతి, పోలీసుకు హాజరు. చట్టం 1952లో పోయింది. మాట పోలేదు. 2023లో స్టువర్టుపురం మనిషి కథతో వచ్చిన సినిమా పేరు ‘టైగర్ నాగేశ్వరరావు’. పులి అంటే మెచ్చుకోలే కావచ్చు. కానీ ఆ ఊరినుంచి టీచర్లు, ఉద్యోగులు కూడా వచ్చారు. వాళ్ల మీద తెర వెలగదు.

మనకు ఎవరూ చెప్పకుండానే తెలిసిన నీతి ఒకటుంది. ఆరోపణ వచ్చినప్పుడు అవతలివాళ్లను అడగాలి. కుల పంచాయితీలోనైనా ఇద్దరి మాటా వింటారు. జంతువుకు నోరు లేదు. దాని తరఫున మాట్లాడగలిగేది దాని జాడ చదవగలిగినవాళ్లే. వాళ్లను అడగకుండా తీర్పు చెప్పడం జంతువుకూ అన్యాయమే, వాళ్లకూ అన్యాయమే.

అందుకని తోటి టీచర్లకు ఒక మాట. పిల్లలు ఇలాంటి సినిమా చూసొచ్చి చెబుతుంటే ఆపకండి. కథంతా చెప్పనిచ్చి మూడు ప్రశ్నలు అడగండి. ఆ జంతువు అక్కడికి ఎలా వచ్చింది? దాని వల్ల లాభపడింది ఎవరు? అక్కడివాళ్లలో ఎవరి మాట ఎవరూ వినలేదు? తర్వాత మీ పేటలో కలుగులు తెలిసిన తాతనో అవ్వనో బడికి పిలిచి, కుర్చీ వేసి, చెప్పింది పిల్లల చేత రాయించండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి తేడాలు అక్కడే నేర్పించండి. కాటు పడితే మంత్రం కోసం, పసరు కోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలని అదే నోట్‌బుక్కులో పెద్ద అక్షరాలతో రాయించండి. ఆ మందులో మన అన్నదమ్ముల చేతి పని ఉందని కూడా చెప్పండి.