ఆత్మప్రబోధమును ప్రజాకార్యమును

దైవసాన్నిధ్యమును గోరి యేకాంతమున కూర్చున్నవాడు పొరుగువాని పొలమును గూర్చియు, పన్నును గూర్చియు, పోలీసుఠాణాను గూర్చియు ఆలోచింపవలసిన పని యేమి? చదువుకొన్న మనలో ననేకులు ఈ ప్రశ్నను తప్పించుకొని పోవుచున్నాము. కొందరు ప్రార్థనకును లోకవ్యవహారమునకును నడుమ గోడ కట్టుకొందురు. మరికొందరు సభలో చప్పట్లు మ్రోగిన దినముననే తమకు జ్ఞానోదయమైనదని చెప్పుకొందురు. వేరొక దారి కలదా యని విచారించుటకు మన తూర్పుకనుమలలోనే యొక యుదాహరణము గలదు.

అల్లూరి సీతారామరాజు మన్యమునకు యుద్ధార్థియై పోలేదు. కృష్ణదేవిపేట ప్రాంతమున సన్యాసివేషమున జపతపములు చేయుచు కొండవారి గౌరవమునకు పాత్రుడయ్యెను. కన్నులు మూసి కూర్చున్నంతకాలము ఆతడు కేవలము తాపసియే. కన్నులు తెరచినప్పు డాతనికి కనబడిన దేమి? కొండచరియపై చెట్లు కొట్టి, యెండినపిమ్మట కాల్చి, ఆ బూడిదలో చోళ్లు, సామలు చల్లి, కొన్నియేండ్లకు వేరొక చరియకు పోవుట పోడు. 1882వ సంవత్సరపు మద్రాసు అటవీచట్టముతో తాతలనాటి యీ సేద్యము నేరముగా మారజొచ్చెను. అంతకుముందే, 1879లో, కల్లుపన్ను మొదలగు బాధలకు తాళలేక రంపసీమవారు తిరుగబడియుండిరి. ఇటు గూడెము కొండలలో రోడ్డుపనికి తగిన కూలి యీయక జనులను తోలుచుండిరి. కొండవానికి తెలియని భాషలో, వానికి తెలియని పట్టణమున పుట్టిన చట్టము వాని తండ్రి చేసిన పనిని నేరమనుచున్నది. ఇది చూచియు కదలని ధ్యానము ధ్యానమగునా?

సీతారామరాజు మొదట చేసినపని తుపాకి పట్టుట కాదు. గాంధీగారి సహాయనిరాకరణోద్యమపు దినములలో, కల్లు సారాయములు మానుడనియు, తగవులను కచేరీలకు గొనిపోక పంచాయతీలలో తీర్చుకొనుడనియు బోధించెను. న్యాయవాదవృత్తిచే బ్రతుకు నాకు ఈ రెండవమాట రుచింపదని చదువరులు తలంపవచ్చును. కాని స్వల్పమైన తగవునకు కొండ దిగి వచ్చి, వాయిదాలకు తిరిగి, తుదకు షావుకారు అప్పులో పడువానిని చూచినవాడెవ్వడును ఆ బోధను కాదనజాలడు. తన నాలుకను తాను అదుపులో నుంచుకొనుటయు, తన యూరి తగవును తానే తీర్చుకొనుటయు ఒకే విద్యకు రెండు పాఠములు. ఆత్మసంయమము గ్రామస్వపరిపాలనముగా మారిన స్థలమిది; నా మనస్సునకు ఆతని చరిత్రలోనెల్ల మిక్కిలి ప్రియమైనదియు నిదియే.

తరువాతి కథ యందరెరిగినదే. ఖద్దరు ధరించి గాంధీగారిని కొనియాడుచునే, ఆయుధములు లేక స్వరాజ్యము రాదని యాతడు నమ్మెను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై బడి తుపాకులు గొనిపోయెను. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో భారతీయులైన సిపాయిలను ముందుకు పోనిచ్చి, స్కాట్ కవర్డు, హైటరు అను తెల్లదొరలను కాల్చిరి. దీనిని సంయమమందుమా? కొంతవరకు సంయమమే, కాని యది తపస్సునుండి పుట్టినదని నేననజాలను. ఆతని నిర్భయత్వము ప్రార్థనవలన కలిగియుండవచ్చును. తుపాకి మాత్రము పోడునుండియు వెట్టినుండియు వచ్చినది. మనుష్యుని కోపమునకు మనుష్యుడే యుత్తరవాది. దానిని దైవాజ్ఞ యనినచో విచారణకు తావేలేదు.

ఇంకొక చిక్కు గలదు. ఆతనిని గుండ్లు తాకవని జనులు నమ్మిరి. అట్టి నమ్మకము ధైర్యమిచ్చును గాని, నమ్మినవాని బలమును మరియొకని దేహమునందు దాచిపెట్టును. 1924 మే 7న కొయ్యూరువద్ద, పట్టుబడిన సీతారామరాజును న్యాయవిచారణ లేకయే కాల్చి చంపిరి. (ఏ ప్రభుత్వము చేసినను ఇట్టిదానిని శిక్ష యనరాదు, హత్య యనవలెను.) పిమ్మట కొలదిమాసములలోనే తిరుగుబాటు చల్లారెను. అనుచరుడైన గాము మల్లుదొర అండమానుచెర ననుభవించి వచ్చి, 1952 ఎన్నికలలో లోకసభకు ఎన్నికయ్యెను.

అరకులోయను చూడబోవువారు దారిలో బొర్రాగుహలకడ ఆగుదురు. ఆ యనంతగిరి కొండలలో గనుల కౌళ్లను గూర్చి సమతయను సంస్థ న్యాయస్థానమున పోరాడినది. గిరిజనేతరులకు భూమి బదలాయింపరాదను నిబంధన ప్రభుత్వమునకు సైతము వర్తించుననియు, షెడ్యూల్డు ప్రాంతపు సర్కారుభూమిని ప్రైవేటుకంపెనీలకు గనులకై యీయరాదనియు సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పెను. అక్కడ గుండ్లు తాకని మహాపురుషుడెవ్వడును లేడు. కాగితములు గలవు, సాక్ష్యములు గలవు, విసుగక తిరిగిన మనుష్యులు గలరు.

2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13కు పూర్వమునుండి గిరిజనులు సాగుచేసికొను అడవిభూమిపై హక్కును గుర్తించినది. ఆ హక్కుకై పెట్టు దరఖాస్తు మొదట వచ్చునది కలెక్టరుకచేరికి కాదు, గ్రామసభయెదుటికి. దానిని నింపుటకును, సరిహద్దులు నడచి చూచుటకును, త్రోసివేయబడినచో అప్పీలు వ్రాయుటకును అక్షరము వచ్చినవాడొకడు వారిప్రక్కన కూర్చుండవలసియున్నది. కొండపై కొన్నిదినములు నిలువవలసివచ్చును. పట్టణమునందలి ప్రార్థనాసమాజములు ఆ దినములకు మనుష్యుల నీయగలవా యని నేనడుగుచున్నాను.