ఎవరిని ఒడ్డుతున్నాం?

మిర్యాలగూడ మిల్లుల్లో లారీ రాని పూట హమాలీలకు పని ఉండదు. సంచుల మీద నడుం వాల్చి ఎవరి సెల్లు వాళ్లు చూసుకుంటారు. సూర్యాపేట బస్టాండులో, కోదాడ దగ్గర హైవే హోటళ్ల ముందర కూడా ఇదే తీరు. మా తండా పిల్లలనే ఎందుకు ఆడిపోసుకోవాలి? ఈ వ్యాసం కోసం కూర్చున్న మేమే మాటల మధ్యలో రీల్స్ చూశాం. ఏం చూశారని అడిగితే ఒక్కరికీ గుర్తులేదు.

దీనికి లేమే కారణమని మొదట అనుకున్నాం. చదువుకు తగ్గ కొలువు లేదు, సాగర్ ఎడమ కాలువ నీళ్లు అందరి చేలకూ ఎక్కవు, అందుకే పిల్లలు తెరలో తలదాచుకుంటున్నారని. అప్పుడు భారతంలో ధర్మరాజు గుర్తొచ్చాడు. ఆయనకేం తక్కువ? రాజసూయం చేశాడు, మయసభ ఉంది, రాజులంతా కప్పం కట్టారు. అన్నీ నిండిన ఆ ఇంట్లోనే ఏదో వెలితి ఉండి ఉంటుందని మా అనుమానం. జూదానికి పిలిస్తే కాదనకూడదని తనకు తాను చెప్పుకున్నాడు. ఆటకు బానిసైనవాడి సాకు ఎప్పుడూ గౌరవంగానే ఉంటుంది. పోయినదంతా ద్రౌపది వల్ల తిరిగి దక్కాక కూడా, ఇంటికి వెళ్లే దారిలో మళ్లీ పిలిస్తే వెనక్కొచ్చి కూర్చున్నాడు. సెల్లు జేబులో పెట్టి రెండు నిమిషాలకే మళ్లీ తీసే చెయ్యి మాకూ ఉంది.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లోనే నిషేధించారు. మంచిదే. పైసా పందెం లేని రీల్స్‌ను ఏ చట్టం ఆపుతుంది? అక్కడ ఒడ్డేది వేరు.

ద్రౌపది సభకు పంపిన ప్రశ్న ఒక్కటే: ఆయన ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా? తనను తానే పోగొట్టుకున్నవాడికి ఇంకొకరిని ఒడ్డే హక్కు ఎక్కడిది? భీష్ముడంతటివాడూ తేల్చలేకపోయాడు. ఆ ప్రశ్న ఇప్పుడు మా గడపలోకి వచ్చింది. అర్ధరాత్రి దాకా తెర చూసే కొడుకు, పోయేది తన నిద్రే కదా అనుకుంటాడు. తెల్లారి ఒక్కతే పత్తి ఏరబోయే యాడికి పోయేది, ఆమె మాట వినే చెవి. మా గోర్ బోలికి సొంత లిపి లేదు. వినేవాడు లేకపోతే ఆమె కథ నిలవడానికి వేరే చోటు లేదు. ఆమెను అడగకుండానే ఆమె కథను పందెంలో పెట్టాం.

అలాగని ఆటపాటలు మానమని మేం అనలేం. తీజ్ తొమ్మిది రోజులూ గోధుమ మొలకల బుట్టల చుట్టూ ఆడపిల్లలు పాడుతూ ఆడుతుంటే, అంతకంటే నిండుదనం ఏముంది? అక్కడ చూసేవాళ్లకంటే ఆడేవాళ్లే ఎక్కువ. (కొన్ని తండాల్లో దానికీ డీజే వచ్చింది, పాట రాకపోయినా పర్వాలేదని.)

ధర్మరాజూ పాచికలు వదల్లేదు. అడవిలో బృహదశ్వుడి దగ్గర ఆట మర్మం నేర్చుకుని, విరాటుడి కొలువులో కంకుభట్టుగా మళ్లీ ఆడాడు. ఈసారి గెలిచిన సొమ్మును గుట్టుగా తమ్ముళ్లకు పంచాడు. ఒకప్పుడు ఒడ్డింది ఆ తమ్ముళ్లనే.

మొన్న మాలో ఒకాయన యాడి పాటను సెల్లులో రికార్డు చేయబోయాడు. రెండు చరణాలు పాడి ఆమె ఆగింది. "తర్వాతిది నువ్వందుకో" అంది. ఆయనకు రాలేదు.