‘తెలియదు’ అన్న సాకు చెల్లుతుందా?

“నేను వ్యాపారం చేసుకునేవాణ్ణి. ఈ చట్టాలన్నీ నాకేం తెలుసు? అంతా అకౌంటెంటు చూసుకుంటాడు.” ఈ మాట మన సోదరుల నోట తరచుగా వింటుంటాం. నమాజు, జకాత్‌ల విషయంలో ఎంతో శ్రద్ధ వహించే వ్యక్తి కూడా తన దగ్గర పనిచేసేవారి పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ., గ్రాట్యుటీల దగ్గరికి వచ్చేసరికి అలసత్వం చూపుతాడు. మరి ఈ సాకు రేపు అల్లాహ్ సన్నిధిలో చెల్లుతుందా?

ధర్మావగాహన లేనివాడు మన బజారులో అమ్మకాలు జరపరాదని హజ్రత్ ఉమర్ (రజి) ఆదేశించినట్లు తిర్మిజీ గ్రంథంలో ఉంది. అంటే, వ్యాపారానికి అవసరమైన ఆజ్ఞలు నేర్చుకోవడం వ్యాపారి బాధ్యతే. ఒప్పందాలను నెరవేర్చాలని దివ్య ఖుర్ఆన్ (5:1) ఆజ్ఞాపిస్తోంది. పనివానికి చట్టం ఇచ్చిన హక్కులు కూడా అతని ఉద్యోగ ఒప్పందంలో భాగమే.

పి.ఎఫ్. సంగతే చూడండి. పనివాని జీతం నుంచి సాధారణంగా 12 శాతం మినహాయించి, యజమాని తన వాటా కలిపి, మరుసటి నెల 15వ తేదీలోగా జమచేయాలి. మినహాయించిన ఆ సొమ్ము యజమానిది కాదు, అతని చేతిలో ఉన్న అమానత్. దానితో సరుకు కొని ‘తర్వాత కడదాంలే’ అనుకోవడం ఖియానత్ అవుతుంది.

ఒకసారి తెలుసుకుంటే సరిపోదు, నియమాలు మారుతుంటాయి. 1972 చట్టం ప్రకారం గ్రాట్యుటీకి సాధారణంగా అయిదేళ్ళ సర్వీసు కావాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం నిర్ణీత కాలానికి నియమితులైనవారికి ఏడాది సర్వీసు చాలు. పాత లెక్కనే పట్టుకున్న యజమాని తెలియకుండానే పరుల హక్కును దిగమింగుతాడు.

పొరపాటు జరగడం వేరు, తెలుసుకుంటే కట్టవలసి వస్తుందని తెలుసుకోకపోవడం వేరు. మొదటిది దిద్దుకోదగినది. రెండోది అజ్ఞానం కాదు, మోసం.

‘పనివాడు అడగలేదు కదా’ అంటారు కొందరు. గుహలో చిక్కుకున్న ముగ్గురి వృత్తాంతం గుర్తుచేసుకోండి. వారిలో ఒకని దగ్గర కూలివాడు తన కూలి తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. యజమాని ఆ ధాన్యాన్ని విత్తి, పెంచి, పశువుల మందగా వృద్ధిచేశాడు. ఏళ్ళ తర్వాత కూలివాడు తిరిగివస్తే అంతా అప్పగించాడు. ఆ ఆచరణను పేర్కొని అతను దుఆ చేస్తే గుహ ద్వారాన ఉన్న బండ కదిలిందని దైవప్రవక్త (స) తెలిపారు (బుఖారీ).

దాసుల హక్కుల విషయంలో తౌబా చేస్తే సరిపోదు, బాకీ కూడా చెల్లించాలి. కనుక ఈ నెలే మీ లెక్కల పుస్తకం తెరిచి చూడండి. ఇతరుల హక్కులను వారికి చేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.