రాజు భోజనం, మన పళ్ళెం



వాక్యభాగం: దానియేలు 1వ అధ్యాయం, 8 నుంచి 16 వచనాలు. ముందు బైబిలు తెరిచి ఆ భాగం చదవండి, తర్వాత ఇది చదవండి.

చిన్నప్పటి నుంచి వింటున్న కథే. కానీ ఖతార్‌లో కూర్చుని చదివితే వేరుగా వినిపిస్తుంది. నలుగురు యువకులు సొంత ఊరు వదిలి పరాయి దేశంలో ఉన్నారు. వాళ్ళేం తినాలో రాజు ఇంటివాళ్ళే నిర్ణయించారు. అల్ ఘర్రాఫా విల్లాల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. గోదావరి జిల్లాల నుంచో కడప నుంచో వచ్చినవారికి ఇంటివాళ్ళు పెట్టిన మజ్బూస్ అన్నమే మధ్యాహ్నానికీ, రాత్రికీ. నిజామాబాద్, కరీంనగర్ నుంచి వచ్చిన డ్రైవరు సోదరులైతే రోజంతా సీటులోనే. ఆకలేసినప్పుడల్లా ఒక కరక్ చాయ్, దాంతో ఒక పరోటా.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. దానియేలు రాజు భోజనం వద్దన్నది అపవిత్రం కాకూడదని, బరువు తగ్గాలని కాదు. ఈ అధ్యాయం పేరు చెప్పి డైట్ చార్టులు అమ్మేవాళ్ళతో నాకు పేచీయే. నన్ను ఆకట్టుకునేది అతడు ఆ పని చేసిన తీరు. పళ్ళెం ముందుకొచ్చాక ఆలోచించలేదు, ముందే హృదయంలో నిశ్చయించుకున్నాడు. పై అధికారితో గొడవ పడలేదు, మర్యాదగా అడిగాడు. పది రోజులు పరీక్షించి చూడమన్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కడే తినలేదు. నలుగురూ ఒకే బల్ల దగ్గర అదే తిన్నారు.

షుగరు విషయంలో మనం చేస్తున్నది దీనికి పూర్తిగా తలకిందులు. జబ్బు వచ్చినవాణ్ణి ఒంటరిని చేసి, "బ్రదర్, మీరు స్వీటు తినకూడదు కదా" అని నవ్వి, మిగతావాళ్ళం మైసూర్‌పాక్ డబ్బా అటు తిప్పుకుంటాం.

ఖతార్‌లో 2012లో జరిగిన జాతీయ సర్వేలో స్థానిక పెద్దల్లో 16.7 శాతం మందికి, అంటే ఆరుగురిలో ఒకరికి, షుగరు ఉన్నట్టు తేలింది. మన పరిస్థితి అంతకంటే మెరుగని అనుకోవద్దు. భారతదేశంలో 10 కోట్లమందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. వచ్చే దారిలో ఉన్నవారు మరో 13 కోట్లకు పైనే. "నాకు వీసా మెడికల్‌లో ఫిట్ అని వచ్చింది" అనే సోదరులు గమనించాలి. ఆ పరీక్షలు ముఖ్యంగా అంటువ్యాధుల కోసం. పరగడుపున షుగరు 100 లోపు ఉంటే మంచిది. 100 నుంచి 125 ఉంటే హెచ్చరిక. 126 గానీ అంతకు మించి గానీ రెండుసార్లు వస్తే అది షుగరు వ్యాధే. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అయితే 5.7 దగ్గర హెచ్చరిక మొదలవుతుంది, 6.5 దగ్గర వ్యాధి.

హెచ్చరిక దశలో ఉన్నవారికి శుభవార్త ఉంది. అమెరికాలో అలాంటివారి మీద పెద్ద పరిశోధన చేసి 2002లో ఫలితాలు ప్రకటించారు. వారానికి 150 నిమిషాల నడక, బరువులో 7 శాతం తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో షుగరు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర తీసుకున్నవారిలో తగ్గింది 31 శాతమే. ఇక మనముంటున్న ఈ ఖతార్‌లోనే, షుగరు వచ్చి మూడేళ్ళు మించని 50 ఏళ్ళలోపు వారిని వైద్యుల పర్యవేక్షణలో ఆహారం, వ్యాయామం మార్చి ఏడాదిపాటు చూశారు. 2020లో ప్రచురించిన ఆ ఫలితాల్లో 61 శాతం మందికి మాత్రలు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. మామూలు వైద్యం పొందినవారిలో అది 12 శాతం.

వంటింటి సంగతికి వద్దాం. మన తాతలు జొన్నరొట్టె, రాగిసంకటి తిన్నవాళ్ళు. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నం లేదా దాని పిండే. అన్నం మానేయమని నేననను, తెలుగువాడికి అది అయ్యే పని కాదు. క్రమం మార్చండి, కొలత మార్చండి. పళ్ళెంలో సగం కూరగాయలు, పావు పప్పో చేపో కోడో, పావు మాత్రమే అన్నం. కూర, పప్పు ముందు తిని, అన్నం చివర్లో తినండి. ఇంటివాళ్ళు పెట్టిందే తినాల్సిన అక్కలు కూడా ఇది చేయగలరు: మజ్బూస్‌లో కోడిముక్క, సలాడ్ ముందు, అన్నం తర్వాత, అదీ సగం. ఖర్జూరం దేవుడిచ్చిన పండే. కానీ పెద్ద మెజూల్ ఒక్కదానిలో దాదాపు 16 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే నాలుగు చెంచాలు. కూల్‌డ్రింకు డబ్బా ఒకటి సుమారు 35 గ్రాములు. తేనె దొరికినా తగినంతే తినమని సామెతలు 25:16లో సొలొమోను ఏనాడో హెచ్చరించాడు.

తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. ఎండ సాకు చెప్పకండి. అల్ ఘర్రాఫా పార్కులో ఏసీ నడక దారి కూడా ఉంది.

ఇప్పుడు అసలు బరువైన మాట. ప్రార్థన చేయించుకున్నాను కాబట్టి మాత్రలు ఆపేశానని చెప్పేవారు మన మధ్య ఉన్నారు. ప్రియులారా, 2 రాజులు 20వ అధ్యాయం చూడండి. హిజ్కియా ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు బాగుచేస్తానని మాటిచ్చాడు. ఆ తర్వాతే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించాడు, దాన్ని పుండు మీద వేశారు. మాట ఇచ్చిన దేవుడే మందునూ వాడాడు. మాత్ర వేసుకోవడం అవిశ్వాసమైతే యెషయాదీ అవిశ్వాసమే అనాలి. ఉపవాస ప్రార్థన పెట్టుకునే వారికి కూడా చెబుతున్నాను. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ ఖాళీ కడుపుతో ఉంటే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. వణుకు, చెమట, కళ్ళు తిరగడం, చివరికి స్పృహ తప్పడం. డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకండి. అలాంటి లక్షణం కనిపిస్తే ప్రార్థన మధ్యలోనైనా లేచి పంచదార నీళ్ళు తాగండి, దేవుడు కోపపడడు. అరికాళ్ళు మొద్దుబారిన పెద్దవారు ప్రతి రాత్రీ పాదాలు చూసుకోవాలి, చెప్పులు లేకుండా నడవకూడదు.

శుక్రవారం అబూ హమూర్‌లో ఆరాధన ముగిశాక మనం పంచుకునే భోజనం సంగతి నేను పెద్దలతో మాట్లాడాను. బిర్యానీ ఉంటుంది, భయపడకండి. పక్కన కూరలు, పెరుగు, పప్పు ఎక్కువ ఉంటాయి. పెప్సీ సీసాల చోట మంచినీళ్ళు, చక్కెర లేని మజ్జిగ. స్వీటు పండుగలకే. ఇది షుగరు ఉన్నవారికోసం వేరే బల్ల కాదు, అందరికీ ఒకే బల్ల. పది రోజులు కాదు, పది శుక్రవారాలు చేసి చూద్దాం. ఎవరు ఏ గిన్నె తెస్తున్నారో సహోదరీలు ముందే మాట్లాడుకోండి. వంట రాని బ్యాచిలర్ సోదరులు దోసకాయలు, క్యారెట్లు కడిగి కోసుకొస్తే చాలు.