నమ్మకం లేనోళ్ల మొక్కు

నల్లగొండ

అల్లుడా,

దేవుడు లేడని తేల్చుకున్నంక, మీ నాయిన పేరున పెత్రమాసకు బియ్యం ఇచ్చుడు అబద్ధం కాదా అని రాసినవ్. అమ్మ ఇయ్యమంటున్నది, నీకు మనసొప్పుతలేదు. ఇది చిన్న ప్రశ్న కాదు. నవ్వి తీసేసేటోళ్ల మాట వినకు.

మీ నాయిన జీవితమంతా ఎర్రజెండా మనిషి. బావ గుడిలో చేతులు జోడించంగ నేను ఎన్నడూ చూడలే. అయినా ఏటా తన తండ్రి పేరున బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు చాటలో పెట్టి ఇచ్చేటోడు. ఎందుకని అడిగితే, ఆ ఒక్కనాడన్న మా నాయిన పేరు పైకి పలకాలె గద బావా అన్నడు.

యూదుల్లో ఈ ప్రశ్న ఎన్నడో లేచింది. తల్లో తండ్రో పోతే యూదుల కొడుకు పదకొండు నెలలు కద్దీష్ అనే ప్రార్థన చదువుతడు. అందులో చావు మాటే ఉండదు, అంతా దేవుని కీర్తనే. ఒక్కడే చదవరాదు, కనీసం పదిమంది కూడాలె. దేవుణ్ని నమ్మని కొడుకులు ఎందరో ఆ పదిమందిలో నిలబడి చదివిన్రు, ఇప్పటికీ చదువుతున్నరు. తాతలు పలికిన మాటలు తమ కాడ తెగిపోవద్దని వాళ్ల ఆరాటం. ఇంకొకరి తండ్రి పోయిననాడు ఒక మనిషి తక్కువైతే, వాళ్ల దుఃఖం గొంతులోనే ఆగిపోతది. నమ్మనోడు పోయి నిలబడితే లెక్క నిండుతది. నన్ను అన్నిటికన్న ఎక్కువ కదిలించింది ఈ సంగతే.

మరి మనసుకు పట్టని మాటలను ఏం చేయాలె? న్యూయార్క్‌లో మొర్దెకై కప్లాన్ అనే రబ్బీ, పైన కూసోని మహిమలు చేసే దేవుణ్ని నమ్మలే. యూదమతం ఒక నాగరికత అని 1934లో పుస్తకం రాసిండు. 1945లో తెచ్చిన ప్రార్థనల పుస్తకంలో, యూదులను దేవుడు ప్రత్యేకంగ ఎన్నుకున్నడన్న మాటలు తీసేసిండు. ఛాందస రబ్బీలు ఆయనను వెలివేసిన్రు, ఆ పుస్తకాన్ని కాలబెట్టిన్రు. 1963లో డెట్రాయిట్ దగ్గర షెర్విన్ వైన్ అనే రబ్బీ ఇంకా ముందుకు పోయి, దేవుని ఊసే లేని ప్రార్థనలతో ఒక సమాజాన్ని నడిపిండు. ఇద్దరిలో నాకు కప్లానే దగ్గర. తనోళ్లను విడువలే, తనోళ్లను మిగతా మనుషులకన్న ఎత్తున కూసుండబెట్టే మాటను విడిచిండు.

ఇది యూదుల సంగతే కాదు. మన ఊర్ల పీర్ల పండుగ నువ్వు చూసినదే. 680లో కర్బలాలో ప్రాణమిచ్చిన హుసేన్ కోసం పడే దుఃఖం అది. చానా ఊర్లలో పీరీని ఎత్తుకునేటోడు ముసల్మాన్ కాదు. గుండం చుట్టూ అలాయి ఆడేటోళ్లను నీ నమ్మకం ఏందని ఎవ్వరూ అడుగరు.

కాబట్టి పెత్రమాసకు రా. అయ్యగారి మంత్రాలు నీ నోటికి రాకుంటె ఊకుండు. నాయిన, తాత, ముత్తాతల పేర్లు మాత్రం నువ్వే చెప్పు. నమ్ముతున్నవా బిడ్డా అని అమ్మ అడిగితే లేదని మెల్లగ చెప్పు, నటించకు. బావ కాడ ఆమె ఈ మాట ఎప్పుడో విన్నది.

ఇట్ల చెప్పిన గదా అని అన్ని వరుసలలో నిలబడేవు, వద్దు. పాలమూరులో ఊట్కూరు, మక్తల్ దిక్కు దళితుల ఆడపిల్లలను దేవత పేరున ముడిపెట్టి జోగినులను చేసిన్రు. 1988లో నిషేధ చట్టం వచ్చినంక సుత ఆ ఆచారం ఒక్కసారే పోలే. అదీ మొక్కే అన్నరు, పెద్దల నాటి ఆచారమే అన్నరు. అసొంటి కాడ ఎవరన్న దేవుడంటె భయం లేదా అని నిన్ను నిలదీస్తే, దేవుడున్నడా లేడా అనే వాదన పెట్టుకోకు. పిల్లకు ఎన్నేండ్లు, ఏ బడికి పోతున్నది అని అడుగు. జవాబు వచ్చేదాక ఆడికెల్లి కదలకు.

నీ మేనమామ