పేగుబంధం



బిడ్డకు కష్టమొస్తే తల్లి కడుపు తరుక్కుపోయిందంటుంది. పిల్లల మీది మమకారాన్ని కడుపుతీపి అంటాం. తల్లీబిడ్డలది పేగుబంధం అంటాం. మన తెలుగువారికి ప్రేమ గుండెలో కంటే ముందు కడుపులోనే కదులుతుంది. సువిశేషకర్తలు కూడా గ్రీకు భాషలో ఇలాగే రాశారు. నాయీను గ్రామంలో ఒక్కగానొక్క కొడుకును పోగొట్టుకున్న వితంతువును చూసి ప్రభువు కనికరించాడని లూకా 7వ అధ్యాయంలో చదువుతాం. దారిపక్కన పడివున్న వానిని చూసి సమరీయుడు జాలిపడ్డాడని, తిరిగివచ్చిన కుమారుని దూరం నుండే చూసి తండ్రి కరిగిపోయాడని అదే సువిశేషంలో చదువుతాం. ఈ మూడు చోట్లా మూలభాషలో ఒకే క్రియాపదం ఉంది. అది 'స్ప్లాంఖ్న' అనే మాట నుండి పుట్టింది. ఆ మాటకు అర్థం పేగులు, కడుపులోని అవయవాలు. అంటే ప్రభువు పేగులు కదిలాయన్నమాట.

దేవుని కరుణకు పేరిచ్చిన ఆ అవయవానికే జబ్బు చేస్తే మాత్రం మనం నోరు విప్పం. గుండె ఆపరేషన్ అయితే ఊరంతా చెప్పుకుంటాం. కన్ను, మోకాలు అయితే డాక్టరు పేరు కూడా చెబుతాం. పేగు జబ్బు అనేసరికి గొంతు తగ్గిస్తాం. చెప్పుకుంటే మానం, చెప్పకపోతే ప్రాణం అన్నట్టు బతుకుతాం.

మా విచారణలో ఒక యువకుడున్నాడు. వయసు 34. బడిపంతులు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. పదకొండేళ్ళుగా ఆయనకు అల్సరేటివ్ కొలైటిస్ అనే వ్యాధి ఉంది. పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడి, రక్తంతో, జిగటతో విరేచనాలు అవుతాయి. ఉద్ధృతమైనప్పుడు రోజుకు పది పదిహేనుసార్లు, రాత్రి నిద్రలో కూడా లేవవలసి వస్తుంది. రక్తం తగ్గి మనిషి పాలిపోతాడు. ఇది అంటువ్యాధి కాదు. పచ్చళ్ళు తిన్నందుకు వచ్చింది కాదు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే దారితప్పి పేగు మీద తిరగబడుతుందని వైద్యులు చెబుతారు. మొలలని కొన్నాళ్ళు, అమీబా అని కొన్నాళ్ళు, గ్రహణి అని కొన్నాళ్ళు నాటువైద్యాలు చేయించుకొని ఆలస్యంగా అసలు వైద్యుని వద్దకు చేరేవారు మన ఊళ్ళలో ఎందరో. మలంలో రక్తం వారాల తరబడి కనిపిస్తుంటే దయచేసి సిగ్గుపడి దాచకండి. ఈ ఒక్క వాక్యం కోసమైనా ఈ వారం పత్రికను మీ ఇంట్లో పైకి చదవండి.

ఈయనకు మాత్రలు వాడారు, స్టెరాయిడ్లు ఇచ్చారు, ఆ తరువాత ఖరీదైన ఇంజెక్షన్లు ఇచ్చారు. చాలామందికి మందులతోనే అదుపులో ఉంటుంది. ఈయనకు ఉండలేదు. ఇప్పుడు పెద్దపేగు మొత్తం తీసివేయాలని నిర్ణయించారు. చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి, అక్కడ ఒక సంచి అంటిస్తారు. కొన్ని నెలల తరువాత, అన్నీ అనుకూలిస్తే, చిన్నపేగుతోనే లోపల ఒక తిత్తి వంటిది కుట్టి మామూలు దారిని కలుపుతారు. ఈ రెండవ పద్ధతిని లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యులు 1978లో లోకానికి తెలియజేశారు. అప్పటినుండి ఎందరో దానితో బతుకుతున్నారు.

"ఫాదర్ గారూ, ఆపరేషన్ కంటే నాకు ఆ సంచి అంటేనే భయం. పిల్లలు నవ్వుతారేమో. నా భార్య ఏమనుకుంటుందో" అన్నాడు. ఆమె పక్కనే ఉంది. ఏమీ అనలేదు, ఆయన చేయి పట్టుకుంది. నేనూ ఆ క్షణంలో ఉపదేశం మొదలుపెట్టలేదు.

కాని మీతో పునీత పౌలుగారి మాట ఒకటి చెప్పాలి. కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 12వ అధ్యాయంలో ఆయన క్రీస్తు శరీరం గురించి చెబుతూ, బలహీనంగా కనబడే అవయవాలే అవసరమైనవని, మనం మర్యాద కోసం కప్పిపెట్టే భాగాలకే దేవుడు ఎక్కువ గౌరవం కలిగించాడని అంటాడు. ఈ భాగాన్ని శ్రీసభలోని రకరకాల సేవలకు అన్వయించి మేము ప్రసంగాలు చేస్తుంటాం. అది సరైనదే. కాని ముందుగా అది శరీరం గురించిన మాట. నిజమైన కడుపు, నిజమైన పేగు గురించిన మాట. ఆ సంచి గౌరవం లేని వస్తువు కాదు. దానితో ఉద్యోగాలు చేస్తున్నవారు, పిల్లల్ని కన్నవారు, పొలం పనులు చూసుకుంటున్నవారు ఉన్నారు. పొట్ట మీద బయటికి తెచ్చిన పేగు చివర పెదవి లోపలి రంగులో ఎర్రగా, తడిగా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు. చొక్కా లోపల అది ఉన్నట్టు ఎదుటివారికి కనబడదు కూడా.

ఇక కొందరి మాటలు. "ఏ పాపం చేశాడో" అన్నవారున్నారు. పుట్టుగుడ్డివాని విషయంలో శిష్యులు అడిగిందీ ఇదే. ఇతడూ కాదు, ఇతని తల్లిదండ్రులూ కాదు అని ప్రభువు ఆనాడే తేల్చేశాడు (యోహాను 9). రెండువేల ఏళ్ళ తరువాత కూడా ఆ ప్రశ్నను రోగి మంచం దగ్గరికి మోసుకెళ్ళడం పుండు మీద కారం చల్లడమే. "విశ్వాసం ఉంటే కత్తి ఎందుకు, ఫలానా స్వస్థత కూటానికి తీసుకెళ్ళండి" అన్నవారూ ఉన్నారు. వారిని ఒక్కటి అడుగుతాను. పౌలుగారికి తిమోతి కన్న కొడుకు వంటివాడు. ఆ తిమోతికి కడుపు జబ్బు, తరచు అనారోగ్యం. పౌలుగారు నీకు విశ్వాసం చాలలేదని అనలేదు. కడుపు కోసం కొంచెం ద్రాక్షరసం పుచ్చుకొమ్మని ఆ కాలంలో తెలిసిన మందు చెప్పాడు. త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చానని మరొక లేఖలో రాశాడు. ఎందరినో స్వస్థపరచిన అపోస్తలుని సొంత స్నేహితులు వీరు! సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథము 38వ అధ్యాయం ఇంకా స్పష్టంగా చెబుతుంది. వైద్యుణ్ణి దేవుడే సృష్టించాడు, ప్రార్థించు, ఆ తరువాత వైద్యునికి చోటివ్వు అని దాని సారాంశం. ప్రార్థన, వైద్యం రెండూ అక్కడ ఒకే ఇంట్లో ఉన్నాయి.

పోపుగార్లకు కూడా ఈ దారి తప్పలేదు. పునీత రెండవ జాన్ పాల్ పోపుగారికి 1992 జూలైలో రోములోని జెమెల్లీ ఆసుపత్రిలో పెద్దపేగు శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏడాది మే నెలలోనే ఆయన ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినాన్ని స్థాపించారు. లూర్దుమాత పండుగ రోజున, ఫిబ్రవరి 11న, 1993 నుండి దాన్ని జరుపుకుంటున్నాం. ఫ్రాన్సిస్ పోపుగారికి 2021 జూలై 4న, ఆదివారం, అదే ఆసుపత్రిలో పెద్దపేగులో కొంత భాగం తీసివేశారు. పేగు గోడలో తిత్తులు ఏర్పడి, వాచి, దారి ఇరుకైపోయిందట. అప్పుడు వారి వయసు 84. తన పేగు 33 సెంటీమీటర్లు తగ్గిందని తరువాత వారే ఏ సంకోచం లేకుండా చెప్పారు. మందులతో సరిపెడదామన్న ఆలోచన కూడా ఉన్నప్పుడు, ఆపరేషన్ చేయించుకోవలసిందేనని ఒక నర్సు గట్టిగా చెప్పాడని, అతడే తన ప్రాణం కాపాడాడని అన్నారు. తరువాతి ఆదివారం ఆసుపత్రి పదవ అంతస్తు వసారాలో నిలబడి, జబ్బుపడిన చిన్నపిల్లల్ని పక్కన నిలుపుకొని త్రికాల ప్రార్థన నడిపించారు. మంచి వైద్యం అందరికీ అందాలని కోరారు. ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్ళింది జూలై 14న. అది వ్యాధిగ్రస్తుల పాలకుడైన పునీత కమిల్లుస్‌గారి పండుగ. ఆయనకూ కాలి పుండు జీవితాంతం మానలేదు.

స్నేహితుల సంగతికి వస్తాను. సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు, నీతిశాస్త్రం మీద పది సంపుటాలు రాసిన అరిస్టాటిల్ రెండు సంపుటాలు స్నేహానికే కేటాయించడం మాకు వింతగా ఉండేది. విచారణలో పాతికేళ్ళు పనిచేశాక ఆ రెండూ చాలవనిపిస్తున్నది. కఫర్నాములో పక్షవాత రోగిని నలుగురు మోశారు. గుమ్మం దగ్గర జనం. వెనక్కి పోలేదు. కప్పు విప్పారు. ప్రభువు ఎవరి విశ్వాసం చూశాడో మార్కుగారు రాసింది గమనించండి. 'వారి' విశ్వాసం చూశాడు. ఆ మంచం మీది మనిషి ఒక్క మాట మాట్లాడినట్టు రాయలేదు. నొప్పిలో ఉన్నవానికి ప్రార్థించే ఓపిక కూడా ఉండకపోవచ్చు. ఆ రోజు అతని పక్షాన నమ్మేది స్నేహితులే.

మా పంతులుగారి స్నేహితులలో ఒకడు ఆటో నడుపుతాడు. వ్యాధి ఉద్ధృతమైన రోజుల్లో దారిలో మరుగుదొడ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకొని ఆ దారినే తీసుకెళ్ళేవాడు. ఎవరూ చెప్పకుండానే! ఇంకొకడు హిందువు, అదే బడిలో లెక్కల మాస్టారు. ఎన్నిసార్లు క్లాసు మధ్యలో లేచి వెళ్ళవలసి వచ్చినా ఆ క్లాసు తాను చూసుకున్నాడు, హెడ్‌మాస్టరుకు తానే చెప్పాడు. ఆసుపత్రిలో కాగితాల పని, ప్రభుత్వ ఆరోగ్య పథకం కౌంటర్ల చుట్టూ తిరగడం ఒకరిది. నాలుగో ఆయన చేసేది ఏమీ లేదని తానే అంటాడు. రాత్రి వచ్చి కూర్చుంటాడు. క్రికెట్ మాట్లాడతాడు, లేకపోతే ఊరుకుంటాడు.

ఆ నాలుగో ఆయన పనిని తక్కువగా చూడకండి. యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చెడింది. గెత్సేమని తోటలో ప్రభువు ముగ్గురు శిష్యులను అడిగిందీ మేలుకొని ఉండమనే కదా. ఆయనకు ఆ రాత్రి వేదన కలిగింది, భయం కలిగింది, తోడు కావాలనిపించింది. మత్తుమందు బల్ల ఎక్కే ముందు భయపడే మనిషిని చూసి విశ్వాసం లేదనేవారు ఆ తోటను ఒకసారి తలచుకోవాలి.

ఆయన నన్ను ఒక కోరిక కోరాడు. ఆదివారం పూజలో, స్నేహితులందరి ముందు తనకు వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వమన్నాడు. తల్లి గొల్లుమంది. "అది పోయేవాళ్ళకిచ్చేది కదయ్యా" అని. అమ్మా, దాన్ని అవస్థ అభ్యంగనం అని పిలిచిన రోజులు నాకూ గుర్తున్నాయి. ఇంటికి గురువు నూనె తీసుకొస్తే ఇక ఆశ లేదని ఏడ్చేవారు. ఇది చావు గడియకు మాత్రమే ఉద్దేశించింది కాదని 1963లోనే రెండవ వాటికన్ మహాసభ చెప్పింది. ఆరవ పౌల్ పోపుగారు 1972లో కొత్త క్రమాన్ని ఆమోదించారు. తీవ్రమైన వ్యాధి కారణంగా పెద్ద ఆపరేషన్‌కు వెళ్ళేవారు ముందుగా ఈ దివ్యసంస్కారాన్ని పొందవచ్చు. వ్యాధి ముదిరితే మళ్ళీ పొందవచ్చు. నుదుటి మీద, చేతుల మీద నూనె రాస్తాం. ప్రాణం నిలవాలని, బలం రావాలని అడుగుతాం. స్పృహ తప్పేదాకా ఆగి మమ్మల్ని పిలవకండి. అలాగే దివ్యసత్ప్రసాదానికి ముందు గంట ఉపవాసం వ్యాధిగ్రస్తులకు, వారిని చూసుకొనేవారికి తప్పనిసరి కాదు. ఈ సంగతి తెలియక నెలల తరబడి ప్రసాదం మానుకున్నవారు నాకు తెలుసు.

గుడిలో తలుపు పక్కనున్న చివరి బల్ల అంచును ఇటువంటివారికి వదలండి. మధ్యలో లేచి వెళ్తే వెనక్కి తిరిగి చూడకండి. ఆపరేషన్ తరువాత చూడటానికి వెళ్ళేవారు గుంపుగా వెళ్ళవద్దు. పెద్దపేగు లేనప్పుడు నీరు, ఉప్పు ఒంట్లో నిలవవు కాబట్టి ఎండలో ఆయన సీసా తీసి తాగుతుంటే ఎందుకని అడగవద్దు. ఆయన సంగతి ఆయనే చెబితే వినండి. బరువులు ఎత్తనివ్వకండి.

ఆపరేషన్ వచ్చే గురువారం. ఎన్ని గంటలు పడుతుందో, లోపల తెరిచి చూశాక ఏమంటారో ఎవరికీ తెలియదు. ఆ ఉదయం ఆరు గంటల పూజ ఆయన కోసం. దూరపు విచారణలవారు మీ గుడిలోనే ఒక జపమాల చెప్పండి. రక్తం ఇస్తామని పేర్లు రాయించిన మా యువకులు మాత్రం పూజ కాగానే టిఫిన్ చేసి, నీళ్ళు బాగా తాగి బయలుదేరాలి. ఖాళీ కడుపుతో వచ్చినవారి దగ్గర రక్తం తీసుకోరు. మూడు నెలల లోపల ఒకసారి ఇచ్చినవారు ఈసారి ఇవ్వరాదు. వారు అమ్మగారి దగ్గర కూర్చుంటే చాలు.