పాత యంత్రమును బ్రతికించుట ధర్మమా?

కాలము తీరినదానిని విడుచుట సంస్కరణమని మనము తలంతుము. అట్లైన, కాలము తీరిన కంప్యూటరు వ్యవస్థలను నేటి యంత్రములలో మరల నడిపించువారిని ఏమనవలెను? ఎమ్యులేటరు అను ప్రోగ్రాము తాను పూర్వయంత్రమైనట్లు నటించును. ఆ యంత్రమునకై వ్రాసిన ఆజ్ఞలను ఒక్కొక్కటిగా చదివి, అది చేసెడి పనినే తాను చేయును. 2002లో వెలువడిన డాస్‌బాక్సు వంటి వానితో దేశదేశముల ఔత్సాహికులు పాత డాసు ప్రోగ్రాములను నడుపుచు, తమకు తెలిసిన ఉపాయములను ఒకరికొకరు చెప్పుకొనుచున్నారు. ఇది పనిలేని వేడుకయని కొందరు నవ్వుదురు.

నవ్వుటకు ముందు విజయవాడను చూడుడు. సీసపు అక్షరముల కాలము గడచిన పిమ్మట, ఈ పుస్తకముల నగరమున ఎన్నియో గ్రంథములు పేజ్‌మేకరులో అను ఫాంట్లతో కూర్చబడినవి. ఆ ఫైళ్లలో నిలిచియున్నవి ఇంగ్లీషు అక్షరముల సంకేతములు. వానికి తెలుగు రూపమును తొడుగునది ఫాంటు. అది లేనిచో కావ్యమైనను అర్థములేని చిహ్నముల గుంపే. యూనికోడులో తెలుగునకు 1991లోనే స్థానము కలిగినను, అచ్చుకూటములు పాతపద్ధతిని విడువలేదు. పేజ్‌మేకరు చివరిగా 2001లో 7.0 రూపమున వెలువడెను. అది నడిచిన విండోసు ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టు 2014లో పోషణ మానెను.

అన్నిటిని యూనికోడులోనికి మార్చిన చాలదా యందురేమో. మార్చవలసినదే. కాని మార్పిడిలో ఒత్తు జారి 'గద్ద' 'గద' యైనచో, రెండును మంచి తెలుగు మాటలే గావున ఒక్కొక్క మాటను మాత్రమే సరిచూచు ప్రోగ్రాము ఆ తప్పును పట్టజాలదు. అచ్చుప్రతి దొరకనిచో, మూలమును దాని పూర్వరూపమున తెరచి చూచుట యొక్కటే గతి. మచిలీపట్టణమున సైతము ఉద్యోగము చేసిన సి. పి. బ్రౌను, 19వ శతాబ్దమున పండితులచే తాళపత్రములను సరిపోల్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. తాటియాకును చదువుటకు కన్నును లిపిజ్ఞానమును చాలును. మన ఫైలునకు యంత్రమంతయు కావలెను.

ఇందు రెండు హద్దులు కలవు. అమ్మకము మానినంతమాత్రమున ప్రోగ్రాముపై యజమాని హక్కు పోదు. గ్రంథాలయములకు చట్టమే త్రోవ చూపవలెను. మరియు పోషణ లేని వ్యవస్థను ఇంటర్నెట్టునకు కలిపి నిత్యకృత్యములు నడుపుట అపాయకరము. పాతదానికి లోబడుట వేరు, దానిని చదువగలిగియుండుట వేరు.

కావున మన ముద్రాపకులు ప్రతి పాత ఫైలుతోపాటు దాని ఫాంటును, అది ఏ ప్రోగ్రామున కూర్చబడినదో తెలుపు చీటిని భద్రపరచవలెను. ఈ విద్య నెరిగిన యువకులను పిలిచి పని యొప్పగింపవలెను. పూర్వులు వ్రాసినదానిలో ఏది నిలుపవలెనో, ఏది విడువవలెనో నిర్ణయించుట సంస్కర్త పని. చదువలేనివాడు దేనిని నిర్ణయింపగలడు?